ప్లాచు కాదు, ప్లచూ: ఒకేలా కనిపించే రష్యన్ క్రియలతో వేగేదెలా

రష్యాలోని కూర్స్క్‌లో నా మొదటి చలికాలం. హాస్టల్ పక్కనున్న దుకాణంలో పాలు, బ్రెడ్డు, రెండు కిలోల ఎర్రగడ్డలు తీసుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. వెనకున్న సీనియర్ అన్న పర్సు తీయబోతుంటే మొహమాటమేసింది. ‘నేనే కడతా’ అని చెబుదామని, వచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని ‘యా ప్లాచు’ అన్నాను. కౌంటర్లో ఉన్న పెద్దావిడ చేతిలో పని ఆపి, నా మొహం పరీక్షగా చూసి, ‘ఏడవకమ్మా’ అనింది.

‘యా ప్లచూ’ అంటే డబ్బు కడతాను. ‘యా ప్లాచు’ అంటే ఏడుస్తున్నాను. రష్యన్‌లో రాస్తే రెండింటికీ అవే అక్షరాలు, అదే వరస. చివర నొక్కితే కట్టడం, మొదట్లో నొక్కితే ఏడవడం.

నాది పుత్తూరు. రష్యాలో ఆరేళ్ళు మెడిసిన్ చదివి వచ్చి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఆదివారం పొద్దున బైరాగిపట్టెడలో మా మేడ మీద ఏడెనిమిది మంది పిల్లలకు రష్యన్ చెబుతాను. అందరూ మెడిసిన్‌కి పోబోయేవాళ్ళే. ‘క్లాసులు ఇంగ్లీషులోనే కదక్కా, ఇదంతా ఎందుకు?’ అని మొదటి వారం ఎవరో ఒకరు అడుగుతారు. క్లాసు ఇంగ్లీషులోనే జరుగుతుంది నాయనా, కానీ మూడో ఏడాది వార్డులోకి పోయినాక మంచం మీదున్న తాతకు ఇంగ్లీషు రాదు. ఆయనతో ఏ క్రియ ఎట్ల అంటే ఏమైపోతుందో నేను పడి నేర్చుకున్నాను. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దీర్ఘం పెట్టడం నేర్చుకోండి

రష్యన్‌లో ప్రతి మాటలోనూ ఒక చోట నొక్కి పలకాలి. ఎక్కడ నొక్కాలో మామూలు పుస్తకాల్లో, పేపర్లలో, ఆస్పత్రి కాగితాల్లో గుర్తు వేయరు. చిన్నపిల్లల వాచకాల్లో, నిఘంటువుల్లో, విదేశీయుల కోసం రాసిన పాఠ్యపుస్తకాల్లో మాత్రమే అచ్చు మీద చిన్న గీత కనిపిస్తుంది. వాళ్ళకు అది పుట్టుకతో వచ్చింది. మనం గీత చూసి నేర్చుకోవాల్సిందే.

ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని స్ట్రెస్ అంటాయి. ఆ మాట వినగానే మా పిల్లలు టెన్షన్ అనుకుంటారు. నేను ఇంకో దారి పట్టాను. నొక్కిన అచ్చు రష్యన్‌లో కాస్త సాగుతుంది. సాగే అచ్చుకు మనకు గుర్తు ఉండనే ఉంది, దీర్ఘం. ‘మీనా స్టేజీ మీద పడింది’, ‘మీనా స్టేజీ మీద పాడింది’ అనే రెండు మాటల్నీ తెలుగువాళ్ళెవరూ కలగలుపుకోరు. రష్యావాళ్ళకు ప్లచూ, ప్లాచు కూడా అంతే. కాబట్టి కొత్త క్రియ రాసుకునేటప్పుడు పక్కన తెలుగులో ఒకసారి రాయండి. నొక్కే చోట మాత్రమే దీర్ఘం పెట్టండి, మిగతా అన్నీ హ్రస్వాలే. ఒక మాటలో రెండు దీర్ఘాలు పడ్డాయంటే తప్పు రాసినట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. నొక్కని చోట అచ్చు మొహం మారిపోతుంది. ‘ఓ’ అని రాసి ఉన్నా నొక్కకపోతే ‘అ’ లాగా వినిపిస్తుంది. ‘ఎ’ అయితే దాదాపు ‘ఇ’ అవుతుంది. అందుకే కాగితం మీద కవలల్లా ఉన్న మాటలు చెవికి ఎంతో వేరుగా వినిపిస్తాయి. ‘స్తోయిత్’ అంటే ఖరీదు చేస్తుంది, ‘స్తయీత్’ అంటే నిలబడి ఉంది. రష్యన్ లిపిలో రెండూ ఒకటే. ‘స్కోల్క స్తోయిత్’ అంటే ‘ఎంత?’. కూరగాయల దగ్గర ‘స్కోల్క స్తయీత్’ అన్నారనుకోండి, ఎంతసేపు నిలబడి ఉంది అన్నట్టుగా ఉంటుంది. టమోటాలు అక్కడ ఎప్పట్నుంచి నిలబడ్డాయో పాపం ఆమెకేం తెలుసు!

రాతలో నా ఏర్పాట్లు కొన్ని ముందే చెబుతాను. ‘జూ పార్కు’లో జ లాంటి ధ్వనికి ‘జ’ రాస్తున్నాను. నాలుక కొంచెం వెనక్కి లాగి బరువుగా పలికే దానికి ‘ఝ’ రాస్తున్నాను, మన ఝ కాదు అది. ‘రాయడం’, ‘ఎగరడం’ లాంటి అర్థమిచ్చే మూల రూపం చివర వచ్చే ‘త్’ను మెత్తగా, వెనక చిన్న ‘య్’ ఉన్నట్టు పలకాలి. ‘స్తోయిత్’ లాంటి వాటి చివర ‘త్’ మామూలుదే. నాలుక వెనక్కిపెట్టి పలికే ఒక ‘ఇ’ కూడా ఉంది, మనకు అక్షరం లేదు. దాని గొడవ తర్వాత.

వార్డులో ఈ దీర్ఘం ఎంత పని చేస్తుందో చూడండి. ‘వి కూరిత్యె?’ అంటే ‘మీరు పొగ తాగుతారా?’. ‘కురీత్యె’ అంటే ‘పొగ తాగండి’. నేను మొదటిసారి కేస్ హిస్టరీ రాసుకుంటూ, డెబ్బై ఏళ్ళ తాతను చాలా మర్యాదగా రెండో మాటతో అడిగాను. ఆయన తలుపు వైపు చూసి, ‘ఇక్కడ తాగకూడదు కదమ్మా’ అన్నాడు. పక్క మంచాలన్నీ నవ్వాయి.

ఇలాంటి జతలు చాలా ఉన్నాయి. ‘స్మోత్రిత్యె’ చూస్తున్నారు, ‘స్మత్రీత్యె’ చూడండి. ‘పీషిత్యె’ రాస్తున్నారు, ‘పిషీత్యె’ రాయండి. ‘దీషిత్యె’ ఊపిరి పీలుస్తున్నారు, ‘దిషీత్యె’ పీల్చండి. ఎక్స్‌రే గదిలో రోజంతా వినిపించేది ఈ చివరిదే. ఈ జతల్లో చెప్పేటప్పుడు దీర్ఘం ముందుంటుంది, ఆజ్ఞాపించేటప్పుడు ‘రీ, షీ’ అని వెనక్కి జరుగుతుంది. అన్ని క్రియలూ ఇట్లా విడిపోవు. ‘గవరీత్యె’ అంటే మాట్లాడుతున్నారు, మాట్లాడండి కూడా. అక్కడ గొంతు ఎట్ల పోయిందో చూసుకోవాల్సిందే, వేరే దారి లేదు.

రాత్రి డ్యూటీలో ఒకసారి నర్సు ‘తెంపిరతూర స్పాలా’ అనింది. జ్వరం నిద్రపోవడమేంటి అని నేను దిక్కులు చూశాను. ‘స్పలా’ అంటే ఆమె నిద్రపోయింది. ‘స్పాలా’ అని ముందు నొక్కితే దిగిపోయింది, తగ్గింది. (చివరి ‘లా’లో నేను దీర్ఘం రాశానని తగువుకు రాకండి, నా పాత నోటుబుక్కులో అట్లానే ఉంది. నా సొంత రూలు ప్రకారం అది ‘స్పాల’ కావాలి.) ఈ తేడా ఆడలింగంలోనే కనిపిస్తుంది. మగలింగంలో రెండూ ‘స్పాల్’ అయిపోతాయి. అప్పుడు నిద్రపోయింది మనిషా, జ్వరమా అని కర్తను చూడాలి.

రాయడానికి ‘పిసాత్’ అంటారు. దీర్ఘాన్ని ముందుకు లాగి ‘పీసత్’ అన్నారో, ‘నోట్సు రాసుకోవాలి’ అనే బదులు ‘ఒంటికి పోవాలి’ అని చిన్నపిల్లల భాషలో చెప్పినట్టవుతుంది. ఇది అందరికీ ఒకసారి జరుగుతుంది. ఆ తర్వాత జన్మలో మర్చిపోరు.

‘నేను’తో తేలకపోతే ‘నువ్వు’ను అడగండి

దీర్ఘం కూడా చేతులెత్తేసే చోటు ఒకటుంది. ‘యా లిచూ’ అంటే నేను ఎగురుతున్నాను, విమానంలో పోతున్నాను. ‘యా లిచూ’ అంటే నేను వైద్యం చేస్తున్నాను కూడా. అక్షరాలూ అవే, నొక్కూ అక్కడే. డాక్టరు చదివే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే జత దొరకదు.

ఇక్కడ ‘నేను’ రూపాన్ని వదిలేసి ‘నువ్వు’ దగ్గరికి పోండి. ఎగరడమైతే ‘తి లితీష్’, వైద్యమైతే ‘తి లేచిష్’. ‘వాళ్ళు’ దగ్గరికి పోయినా విడిపోతాయి: లిత్యాత్, లేచత్. కవలలు ఒక్క గుమ్మంలోనే కలుస్తారు, లోపలికి పోతే ఎవరి గది వాళ్ళదే.

ఎందుకు కలుస్తారంటే, చాలా రష్యన్ క్రియల్లో ‘నేను’ రూపంలో మాత్రం మధ్య హల్లు మారుతుంది. త పోయి చ వస్తుంది. ద పోయి ఝ వస్తుంది. జ పోయినా ఆ ఝ నే వస్తుంది. స పోతే ష. ఎగరడం ‘లితేత్’, దాని త చ అయ్యి ‘లిచూ’. వైద్యం ‘లిచీత్’లో ముందే చ ఉంది, అదీ ‘లిచూ’. వేరే దార్లలో వచ్చిన రెండు బస్సులు రేణిగుంట జంక్షన్లో కలిసినట్టు.

అదే లెక్కన ‘వఝూ’. ‘వదీత్’ అంటే చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకుపోవడం, బండి నడపడం. ‘వజీత్’ అంటే బండిలో ఎక్కించుకుని తీసుకుపోవడం. ఒకదాంట్లో ద, ఇంకోదాంట్లో జ, ‘నేను’ దగ్గర రెండూ ఝ. తిరుమల బస్సు డ్రైవరు ‘నేను బస్సు నడుపుతా’ అన్నా వఝూ, ‘నేను జనాన్ని కొండకు తీసుకుపోతా’ అన్నా వఝూ. ‘నువ్వు’ అంటే తేలిపోతుంది: వోదిష్, వోజిష్.

ఇవి రోజూ చేసేవి, అటూ ఇటూ తిరిగేవి. ఇప్పుడు, ఈ ఒక్కసారి, ఒకవైపు పోతుంటే ఆ క్రియలు వేరు. అక్కడ చిక్కు తిరగబడుతుంది. ఆ జత మూల రూపాలు రాతలో వేరు, వినడానికి రెండూ ‘విస్తీ’నే. ఒకదాంట్లో స, ఇంకోదాంట్లో జ రాస్తారు, కానీ త పక్కన చేరిన జ గొంతు పోగొట్టుకుని స అయిపోతుంది. ఈసారి ‘నేను’ మనల్ని కాపాడుతుంది. అవ్వ చెయ్యి పట్టుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిస్తుంటే ‘విదూ’. అదే అవ్వను బస్సులో కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డులో తీసుకుపోతుంటే ‘విజూ’. స్టీరింగ్ మన చేతిలో ఉండాల్సిన పని లేదు, వాహనం ఉంటే చాలు. మా క్లాసులో ఇది ఎంత స్థిరపడిందంటే, ఎవరైనా తడబడితే మిగతావాళ్ళు ‘మెట్లా, బస్సా?’ అని అరుస్తారు.

మూడో జత నాకు ఇష్టం. ‘పయూ’ అంటే పాడుతున్నాను, ‘పయూ’ అంటే తాగిస్తున్నాను. నువ్వు పాడితే ‘పయోష్’. నువ్వు నీళ్ళు తాగిస్తే ‘పోయిష్’. నోట్లో నీళ్ళు పోయడం పోయిష్. ఇది మనకోసమే కుట్టినట్టుంది కదా! నిఘంటువులో ‘పయీష్’ అని కూడా ఇస్తారు, అదీ తప్పు కాదు. నాకు మాత్రం పోయడమే గుర్తుంటుంది. అయితే తెలుగును పోల్చే సరదా మరీ ముదరనివ్వకండి. ‘మోయు’ అంటే రష్యన్‌లో మోయడం కాదు, కడుగుతున్నాను. ‘మోయు రూకి’ అంటే చేతులు కడుక్కుంటున్నాను. దాన్నే వెనక నొక్కి ‘మయూ’ అంటే అసలు క్రియే కాదు, ‘నా’ అని.

అందుకని నోటుబుక్కులో ఒక్కో క్రియకు మూడు గడులు గీయండి: నేను, నువ్వు, వాళ్ళు. మంచి నిఘంటువులు కూడా ఈ మూడే ఇస్తాయి, మిగతావి వాటినుంచి లాగుకోవచ్చు. అయిదేళ్ళ కిందట ఒక పిల్లవాడు ఆరు రూపాలూ బట్టీ పట్టి, నాలుగు వారాలకు విసిగి మానేశాడు. అప్పట్నుంచి నేను ఆరు గడులు గీయనివ్వడం లేదు.

తిండికి, ప్రయాణానికి

మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎందుకంటే ఈ రెండు పనులే ఎక్కువ చేస్తారు. ‘యిదీమ్’ అంటే తింటున్నాం. ‘యేదిమ్’ అంటే బండిలో పోతున్నాం. ‘యిద్యాత్’ తింటున్నారు, ‘యేదుత్’ పోతున్నారు. సెలవుల్లో హాస్టల్ ఆఫీసులో ‘మీ యిదీమ్ వ్ మస్క్వూ’ అని చెప్పి, మాస్కోని తినేసే మా బ్యాచ్ పేరు ఆ ఏడాదంతా మారుమోగింది.

దీర్ఘం సూత్రం ఇక్కడా సరిపోతుంది. పోయేదానికి ఎప్పుడూ మొదట్లోనే దీర్ఘం: యేదు, యేదిష్, యేదిత్, యేదిమ్. తినేదానికి ఒక్కరే ఉంటే పొట్టి మాట: నేను యేమ్, నువ్వు యేష్, వాడు యేస్త్. మంది ఎక్కువైతే దీర్ఘం వెనక్కి పోతుంది. నా అనుభవంలో ‘నేను’ దగ్గర ఎవరూ తప్పరు, ‘మేము’ దగ్గర అందరూ తప్పుతారు. కాబట్టి ‘మేము’నే నూరుకోండి.

దీని చుట్టమే ఇంకోటి. ‘సేల్’ అంటే కూర్చున్నాడు. ‘స్‌యేల్’ అని స తర్వాత చిన్న విరుపు ఇచ్చి పలికితే మొత్తం తినేశాడు. రాతలో మధ్యలో ఒక అక్షరం ఉంటుంది, దానికి సొంత ధ్వని లేదు, విరవమని చెప్పే కంచె మాత్రమే. ఆ కంచె దాటేస్తే అన్నం తిన్నవాడు అన్నం మీద కూర్చున్నట్టే.

రాశాడా, పాసయ్యాడా

ఇప్పుడు అసలు చిక్కు. పైవన్నీ చెవితో, గడులతో తేలిపోతాయి. ఇది తేలదు.

మా క్లాసులో చదివి పోయిన ఒక అబ్బాయి, వాళ్ళది చంద్రగిరి దగ్గర, మొదటి ఏడాది అనాటమీ పరీక్ష అయ్యాక నాకు మెసేజ్ పెట్టాడు: ‘అక్కా, జ్దవాల్!’ అదే ముక్క ఇంట్లోనూ చెప్పినట్టున్నాడు, వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, ‘మావాడు పాసయినాడంట మేడమ్’ అని సంబరపడింది. నేనేమీ అనలేదు. ‘జ్దవాల్’ అంటే పరీక్ష రాశాడు, అంతే. పాసయితే ‘జ్దాల్’ అనాలి. సాయంత్రం వాడికే ఫోన్ చేసి అడిగాను. రిజల్టు ఇంకా రాలేదంట.

రష్యన్‌లో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలుంటాయి. ఒకటి పని జరిగిందని చెబుతుంది, లేదా జరుగుతూ ఉందని, మళ్ళీ మళ్ళీ జరుగుతుందని. ఇంకోటి పని ముగిసి ఫలితం చేతికొచ్చిందని చెబుతుంది. విదేశం నుంచి మెడిసిన్ చేసి వచ్చినవాళ్ళు రాసే ఎఫ్‌ఎమ్‌జీఈలో 300 ప్రశ్నలు, పాసవడానికి 150 మార్కులు రావాలి. నేను రెండుసార్లు ‘జ్దవాల’, మూడోసారి ‘జ్దలా’. మధ్యలో మా నాయన తిన్న టెన్షన్‌కు రష్యన్‌లో ఏ క్రియ ఉందో నాకు తెలీదు.

వైద్యం మాటలోనూ ఇదే. ‘లిచీల్’ అంటే వైద్యం చేశాడు. ‘వీలిచిల్’ అంటే నయం చేశాడు. ‘డాక్టరు లిచీల్, నో ని వీలిచిల్’ అంటే చూశాడు కానీ నయం కాలేదు. మా ఊరికి కట్టు కట్టించుకోను ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పుత్తూరు కట్టు అంటే అంత పేరు. ఊళ్ళో ఎవర్నైనా ‘ఏమప్పా, కట్టించుకున్నావా?’ అంటే అది లిచీల్. ‘ఏమప్పా, అతుక్కున్నదా?’ అంటే అది వీలిచిల్. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రాదు.

గుర్తు పట్టడానికి ఒక సాయం: క్రియ ముందు ‘వి’ చేరి పని ముగిసిందని చెబితే, నొక్కు ఎప్పుడూ ఆ ‘వి’ మీదే పడుతుంది, ‘వీ’ అవుతుంది. నొక్కు వెనకెక్కడో ఉంటే ముగియని పని. దీంతో ఒక గమ్మత్తు జత తేలిపోతుంది. ‘విహదీత్’ అంటే బయటికి పోవడం. అవే అక్షరాలను ‘వీహదిత్’ అని చదివితే, రోగి పక్కనే ఉండి సేవచేసి బతికించుకోవడం. మా అవ్వ మా తాతను పక్షవాతం తర్వాత అట్ల నిలబెట్టింది. తెలుగులో దానికి ఒక్క క్రియ నాకు దొరకలేదు. రష్యన్‌లో ఉంది, అదీ ‘బయటికి పోవడం’ అనే మాట వేషంలో.

ఇంకో జత మన తెలుగు అలవాటు మీదే దెబ్బ కొడుతుంది. ‘ఉజ్నయూ’, ‘ఉజ్నాయు’. రెండూ కనుక్కుంటాను. మొదటిది ఇప్పుడో, రోజూనో జరిగేది. రెండోది రేపు జరగబోయేది, ఒక్కసారి కనుక్కుని వచ్చి చెప్పేది. మనకు ‘రోజూ ఇడ్లీ తింటాను’, ‘రేపు ఇడ్లీ తింటాను’ అనే రెండింటికీ ఒకటే ‘తింటాను’. అందుకే ఆ రెంటికీ మధ్య గోడ ఉందని మనకు తోచదు. ప్రొఫెసర్ ఏదైనా అడిగితే మీరు ‘ఉజ్నయూ’ అన్నారంటే ఆయన వింతగా చూస్తాడు. ‘ఉజ్నాయు’ అంటే తలూపి వెళ్ళిపోతాడు. నా చిట్కా ఇది: తెలుగు వాక్యంలో ‘రోజూ’ చేర్చి చూడండి, తర్వాత ‘రేపటికల్లా’ చేర్చి చూడండి. రేపటికల్లా అతికితే ముగిసే క్రియ వాడండి.

చిన్నచిన్నవి

‘కూర్చోవడం’, ‘కూర్చుంటాడు’ రెండూ వినడానికి ‘సదీత్స’. చివరి త్స ను మన ‘చాప’, ‘చుక్క’లో చ లాగా పలకండి, సరిగ్గా అదే. తేడా రాతలోనే, ఒకదాంట్లో మెత్తదనం గుర్తు ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. రష్యా పిల్లలు కూడా దీన్ని తప్పు రాస్తారు. వాళ్ళకు బళ్ళో చెప్పే ఉపాయమే మనకూ: ‘ఏం చేయాలి?’ అనే ప్రశ్నకు జవాబైతే గుర్తు పెట్టు, ‘ఏం చేస్తాడు?’ అనే దానికైతే వద్దు. మాట్లాడేటప్పుడు దీని గురించి బెంగ అక్కర్లేదు.

నాలుక వెనక్కిపెట్టే ‘ఇ’ సంగతి చెబుతానన్నాను. ‘ఉన్నాడు’ అని గతంలో చెప్పే మాట, ‘కొట్టాడు’ అనే మాట, రెండూ మన చెవికి ‘బీల్’. మొదటిదాంట్లో నాలుక వెనక్కి, గొంతు బరువుగా. రెండోదాంట్లో పెదవులు నవ్వినట్టు సాగుతాయి. ఈ తేడా పలకడానికి నాకు ఏడాది పట్టింది. అంతవరకు రెండు దార్లున్నాయి. కొట్టాడు అంటే ఎవర్ని అనే మాట వాక్యంలో ఉంటుంది. ఆడలింగంలో అయితే దీర్ఘమే విడదీస్తుంది: ఆమె ఉండేది ‘బిలా’, ఆమె కొట్టేది ‘బీల’.

ఆడలింగం అన్నాను కాబట్టి అమ్మాయిలకు ఒక మాట. మన తెలుగులో ‘నేను పోయాను’ అనేది ఆడమనిషి అన్నా మగమనిషి అన్నా ఒకటే. రష్యన్ గతకాలంలో ‘నేను’ కూడా విడిపోతుంది. అబ్బాయి ‘పషోల్’ అంటాడు, అమ్మాయి ‘పష్లా’ అనాలి. నాకు మొదటి మాటలు నేర్పింది సీనియర్ అన్నలు. వాళ్ళు ఏమంటే అదే అన్నాను. మూడు నెలలపాటు కూర్స్క్ అంతా నేను మగవాడిలా మాట్లాడుతూ తిరిగాను. ఎవరూ దిద్దలేదు, ముద్దొస్తుందనుకున్నారేమో!

సాధన ఎట్ల చేయాలంటే

తిరుపతి నుంచి పుత్తూరుకు వారానికి మూడు రోజులు బస్సులో పోతాను. సెల్‌లో నా గొంతు నేనే రికార్డు చేసుకుని వినేదాన్ని, ఇప్పుడు పిల్లల చేత చేయిస్తున్నాను. ఒక జత, మధ్యలో మూడు సెకన్ల నిశ్శబ్దం, తర్వాత అర్థం. ఆ మూడు సెకన్లలో మీరు అర్థం చెప్పేయాలి. రేణిగుంట దాటి వడమాలపేట వచ్చేలోపు పది జతలు రెండుసార్లు తిరుగుతాయి. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే నిద్రొస్తుంది, నేను రెండుసార్లు స్టాపు దాటిపోయాను.

నొక్కు ఎక్కడో అనుమానం వస్తే గ్రామత అనే రష్యన్ భాషా వెబ్‌సైట్లో మాట వేసి చూడండి, గీత వేసి చూపిస్తుంది. యాప్‌లు చేసే అనువాదాన్ని ఈ కవలల విషయంలో మాత్రం నమ్మొద్దు. గీత లేకుండా ఒంటరి మాట ఇస్తే అది ఏదో ఒక అర్థం ఎంచుకుంటుంది, రెండోది ఉందని చెప్పదు. ఒక్క మాట కాకుండా పూర్తి వాక్యం ఇవ్వండి.

రష్యన్ సినిమాలు చూస్తే వస్తుందా అని అడుగుతారు. చెవికి మంచిదే. కానీ కిందొచ్చే ఇంగ్లీషు చదువుతూ కూర్చుంటే దీర్ఘం వినబడదు. పది నిమిషాల ముక్క తీసుకుని, కింద అక్షరాలు కనపడకుండా టేపు అంటించి, క్రియలు మాత్రం కాగితం మీద తెలుగు దీర్ఘాలతో రాయండి. సగం తప్పుతాయి. మా క్లాసులో ఇప్పుడు బాగా వచ్చిన అమ్మాయికి మొదటి రోజు పన్నెండింట్లో మూడు వచ్చాయి.

వచ్చే ఆదివారానికి మా పిల్లలకు ఇచ్చిన పని ఇదీ, మీరూ చేసి చూడండి. ‘యా లిచూ దామోయ్’, ‘యా లిచూ బబుష్కూ’. ‘దామోయ్’ అంటే ఇంటికి, ‘బబుష్కూ’ అంటే అవ్వను. నేను రాసిన దీర్ఘాల్లో రెండు తప్పులున్నాయి, ఒక్కో వాక్యంలో ఒకటి. ముందు అవి పట్టుకుని దిద్దండి. తర్వాత ఏ ‘లిచూ’ ఎగురుతుందో, ఏ ‘లిచూ’ మందు ఇస్తుందో చెప్పి, రెండింటినీ ‘నువ్వు’లోకి మార్చి రాయండి.